బోర్డు ఆగిపోతే పరువు పోదండీ

ప్రశ్న: నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మాయి ఎమ్మెస్సీ, బీఈడీ చేసి మెగా డీఎస్సీ 2025లో గణితం స్కూల్ అసిస్టెంట్‌గా ఎంపికైంది. జిల్లా పరిషత్ హైస్కూల్లో పోస్టింగ్. పాఠం చెప్పడంలో దిట్టే గానీ, క్లాసు గోడకున్న పెద్ద టచ్ ప్యానెల్ అంటే హడలిపోతోంది. మొన్నొకరోజు పాఠం మధ్యలో అది బిగుసుకుపోతే తొమ్మిదో తరగతి కుర్రాడొకడు లేచొచ్చి సరిచేశాడట. ఆ రాత్రి ఫోన్లో ఏడ్చింది. 'ఏఐ ఎడ్యుకేటర్' అని ఆర్నెల్ల ఆన్‌లైన్ కోర్సు ఒకటి చూశాను. ఫీజు 85 వేలు, అడ్వాన్సుగా 5 వేలు కట్టేశాను కూడా. ఇది చేయించడం మంచిదా, ఎంసీఏ చేయించడమా, లేక ఈ ఉద్యోగం మాన్పించి ఏదైనా ఎడ్‌టెక్ కంపెనీలో చేర్పించడమా? పోల్చి చెప్పగలరు.
– ఒక తండ్రి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ముందు ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఈ మూడింట్లో ఏది కావాలో మీ అమ్మాయిని అడిగారా? మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చేయించడం, మాన్పించడం, చేర్పించడం... అన్నీ మీరే. ఉత్తరం మొత్తంలో ఆమె తనంతట తాను చేసిన పని ఒక్కటే, ఏడవడం.

ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. డీఎస్సీ పోస్టింగులు పడ్డ మూడు నాలుగు నెలలకు మొదలవుతాయి. కొన్ని టీచర్లే రాస్తారు, కొన్ని వాళ్ల భర్తలు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ హెడ్మాస్టరు ఒకాయన 'మా మనవడి పాటి తెలివి కూడా నాకు లేదండీ' అని రాశారు. పైకి అందరూ అడిగేది ఏ కోర్సు చేయాలనే. లోపల మాత్రం, నాకు తెలియదని పిల్లల ముందు బయటపడితే ఎలా అన్న బెంగ. మీ విషయంలో దాని మీద ఇంకో పొర ఉంది. అంత చదివించిన కూతురు పల్లెటూరి బడిలో ఒక పిల్లాడి ముందు చిన్నబోయిందని మీకు మనసులో గుచ్చుకుంటోంది. ఆ 5 వేలు కట్టింది ఆమె చదువు కోసం కాదు, మీ మనసు కుదుటపడటం కోసం.

టెక్నాలజీ రాదన్న మాట ముందు కొట్టేద్దాం. ఆమె డీఎస్సీ రాసిందే కంప్యూటర్ మీద. రోజూ పొద్దున్నే బడికి పోయి ఫోన్లో ముఖం చూపించి హాజరు వేసుకుంటోంది. పిల్లల హాజరు, మార్కులు, ఇంకా పైవాళ్లు ఏమడిగితే అవి ఫోన్లోనే ఎక్కిస్తోంది. 2022లో ఈ ముఖ హాజరు వచ్చినప్పుడు టీచర్లు ఎంత గొడవ చేశారో మీరూ పేపర్లో చదివే ఉంటారు. యాప్‌లు ఎక్కువైపోయాయని సంఘాలు మొత్తుకున్నాక వాటిని కలిపి లీప్ అని ఒక్కటి చేశారు. అంటే మీ అమ్మాయి రోజూ వాడుతున్నది తక్కువేం కాదు.

కాకపోతే బడిలో టెక్నాలజీ రెండు రకాలు. ఒకటి పైవాళ్లకు లెక్క చెప్పడానికి, రెండోది పిల్లలకు లెక్కలు చెప్పడానికి. మొదటిది పొద్దున తొమ్మిదికే ప్రాణం తీస్తుంది. ఆ విసుగంతా రెండోదాని మీదకి మళ్లుతుంది. మధ్యాహ్నం పాఠానికి ప్యానెల్ దగ్గరికి వెళ్లేసరికి, ఇదీ మనల్ని తప్పు పట్టడానికే పెట్టారన్నట్టు అనిపిస్తుంది. ఇది మీ అమ్మాయి ఒక్కదాని బలహీనత కాదు, చాలామంది మంచి టీచర్లలో చూశాను. ఏ కోర్సు బ్రోచర్లోనూ దీని గురించి ఒక్క వాక్యం ఉండదు.

ఇక మీ సంగతి. మీరు బ్యాంకులో చేరిన రోజుల్లో పెద్ద పెద్ద లెడ్జర్లుండేవి కదా? తర్వాత ఏఎల్‌పీఎంలని లెడ్జర్ మెషిన్లు వచ్చాయి. కంప్యూటర్లొస్తే ఉద్యోగాలు పోతాయని యూనియన్లు అడ్డం తిరిగిన కాలం అది. ఆ తర్వాత బ్రాంచీలన్నిటినీ కలిపే కోర్ బ్యాంకింగ్ వచ్చి అంతా మళ్లీ మొదటికొచ్చింది. మీరెలా నేర్చుకున్నారు? శిక్షణ కేంద్రానికి వారం రోజులు పంపించే ఉంటారు. అక్కడ మధ్యాహ్న భోజనం బాగుందన్నది తప్ప మీకేమీ గుర్తుండి ఉండదు. పని వచ్చింది కౌంటర్లో కూర్చున్నాకే, పక్క సీటు కుర్ర క్లర్కు 'సార్, అది కాదు, ఇది నొక్కండి' అన్నాకే. ఆ కుర్రాడు మీకంటే పదిహేనేళ్లు చిన్న అయ్యుంటాడు. మీరు ఆ రాత్రి ఏడవలేదు. మీ నాన్నగారు మీకు 85 వేల కోర్సు కట్టనూ లేదు.

నా భాగోతం కూడా చెప్పేస్తాను. టీచర్ల శిక్షణలో నేను తొలిసారి పవర్‌పాయింట్ వాడిన రోజది. ఇంట్లో కంప్యూటర్లో రెండు రాత్రులు కూర్చుని అను ఫాంట్లలో తెలుగు స్లయిడ్లు చేసుకున్నాను. అక్కడికెళ్లి తెరిస్తే ఆ కంప్యూటర్లో ఫాంటు లేదు. తెర నిండా బ్రాకెట్లూ డాలర్ గుర్తులూ. ఎదురుగా అరవై మంది టీచర్లు. వెనక బెంచీలోంచి ఒకాయన 'ఇది ఏ భాషండీ' అన్నాడు. చెమటలు పట్టి చాక్‌పీసు అందుకుని రెండు గంటలు బోర్డు మీద చెప్పాను. బాగానే చెప్పాననుకుంటా, సాయంత్రం ఆయనే టీ ఇప్పించాడు. అప్పటినుంచి తెర లేకపోయినా నిలబడే పాఠం సిద్ధం చేసుకున్నాకే తెర దగ్గరికి వెళ్తున్నాను.

ఇప్పుడు మీరు ముచ్చటపడుతున్న ఆ కోర్సు. ఇలాంటివి నా దగ్గరికి చాలా వచ్చాయి, సిలబస్‌లు చూశాను. ఏఐతో లెసన్ ప్లాన్ రాయించడం, ప్రశ్నపత్రం తయారు చేయించడం, రంగురంగుల స్లయిడ్లు, చివర్లో ఒక ప్రాజెక్టు, ఒక సర్టిఫికెట్. ఇందులో పనికొచ్చేది లేకపోలేదు. కానీ అది రెండు ఆదివారాల పని, ఆర్నెల్లది కాదు. పైగా కోర్సు మొదట్లో నేర్పిన సాధనం కోర్సు అయ్యేసరికి మారిపోయి ఉంటుంది. వాళ్లకు ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగండి: మీ ట్రైనర్లలో సర్కారు బడిలో నలభై మంది పిల్లల ముందు, కరెంటు పోయిన మధ్యాహ్నం పాఠం చెప్పినవాళ్లు ఎంతమంది? అవతలివాళ్లు మాట మార్చి డిస్కౌంట్ గురించి మొదలుపెడితే మీకు జవాబు దొరికినట్టే.

సర్టిఫికెట్ పదోన్నతికి పనికొస్తుందనుకుంటున్నారేమో. స్కూల్ అసిస్టెంటు నుంచి గెజిటెడ్ హెడ్మాస్టరు కావాలంటే చూసేది సీనియారిటీ, ఈఓటీ, జీఓటీ అనే శాఖా పరీక్షలు. ఆ జాబితాలో మీ 85 వేల కాగితానికి గడి లేదు.

ఏఐ మీద నాకు వ్యతిరేకత ఏమీ లేదు, నేనూ వాడతాను. ఒకే లెక్కను పది రకాల అంకెలతో మార్చి ఇవ్వమంటే క్షణంలో ఇస్తుంది. టీచర్‌కు అది గంట ఆదా. అయితే ఒక్కోసారి తప్పు మెట్టు వేసి, అది కూడా గొప్ప ధీమాగా వేసి, తప్పు జవాబుకు చేరుకుంటుంది. ఆ తప్పు పట్టుకోవడానికి కావలసింది ఏఐ కోర్సు కాదు, గణితం. అది మీ అమ్మాయికి ఉంది. పుణ్య మిశ్రా, మాథ్యూ కోహ్లర్ అనే ఇద్దరు ఆచార్యులు 2006లో ఇదే సంగతిని ఒక నమూనాగా రాశారు. విషయం తెలియడం, దాన్ని చెప్పడం తెలియడం, సాధనం వాడటం తెలియడం, ఈ మూడూ కలిసినచోటే పని జరుగుతుందని. మీ అమ్మాయి దగ్గర మొదటి రెండూ ఉన్నాయి. కోర్సు అమ్మేవాళ్లు మూడోదాన్నే మొత్తం చదువుగా చూపిస్తున్నారు. పెరూ దేశం బడిపిల్లలకు లక్షల ల్యాప్‌టాప్‌లు పంచింది. వాటితో పాఠం ఎలా చెప్పాలో పెద్దగా పట్టించుకోలేదు, పిల్లల చదువు మెరుగుపడలేదు.

ఎడ్‌టెక్ కంపెనీ మాట చూసినప్పుడు మాత్రం నాకు నిజంగానే కోపం వచ్చింది. 2022 డిసెంబర్‌లో మన రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు. అందులో పాఠాలు బైజూస్‌వి. ఆ ఏడాది ఆ కంపెనీ విలువ 2,200 కోట్ల డాలర్లని లెక్కగట్టారు. అప్పుడు నా దగ్గరికొచ్చిన తల్లిదండ్రుల్లో సగం మందికి తమ పిల్లలు అక్కడ చేరాలనే కోరిక. 2024 జూలైకి అది దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఉద్యోగాలు పోయినవాళ్లలో చక్కగా పాఠం చెప్పగలవాళ్లు ఎందరో ఉన్నారు, తప్పు వాళ్లది కాదు. ఇటు చూడండి. మీ అమ్మాయి స్కేలు 44,570తో మొదలవుతుంది, డీఏ, హెచ్‌ఆర్‌ఏ దాని మీద. 16,347 పోస్టులకు లక్షల మంది పోటీపడితే వచ్చిన ఉద్యోగమది. ఒక ప్యానెల్ ఒకరోజు ఆగిపోయిందని దాన్ని వదిలేయిద్దామంటున్నారు! మీ బ్యాంకులో ఒకసారి సిస్టం డౌన్ అయితే రాజీనామా రాశారా?

ఎంసీఏ గురించి ఎక్కువ చెప్పను. రెండేళ్ల కోర్సు. ప్రొబేషన్‌లో ఉన్న అమ్మాయి, రెగ్యులర్‌గా చదవాలంటే శాఖ అనుమతి, సెలవు, జీతం నష్టం. అది చదివితే ప్రోగ్రాం రాయడం వస్తుంది, తొమ్మిదో తరగతి పిల్లల ముందు భయం పోదు.

పోల్చి చెప్పమన్నారు, పోలిక అయిపోయింది. మూడూ వద్దు. ఇకనుంచి రాసేది మీకు కాదు, ఆమెకు. ఈ పేజీ ఫొటో తీసి పంపండి.

అమ్మా, ప్యానెల్‌తో మొదటి పరిచయం పిల్లల ముందు పెట్టుకోకు. బడి వదిలాక అరగంట, వారానికి మూడు రోజులు, ఖాళీ క్లాసులో నువ్వూ అదీ మాత్రమే. ఆన్ చేయి, ఆపేయి. రాయి, చెరుపు. పెన్ను రంగు మార్చు. కావాలని బిగుసుకుపోయేలా చేసి మళ్లీ లేపు. అది నిజానికి గోడకు తగిలించిన పెద్ద ఫోను లాంటిదే, నీ ఫోన్ ఆగిపోతే ఏం చేస్తావో దానికీ దాదాపు అదే మందు. మూడు వారాల్లో చెయ్యి అలవాటుపడుతుంది.

తర్వాత ఒకే ఒక్క సాధనం పట్టుకో. గణితానికైతే జియోజీబ్రా అనే సాఫ్ట్‌వేర్ చాలు. 2001లో ఆస్ట్రియాలో ఒక విద్యార్థి తన చదువులో భాగంగా మొదలుపెట్టింది, ఉచితంగా దొరుకుతుంది, ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. పదో తరగతి బహుపదుల పాఠంతో మొదలుపెట్టు. వర్గ బహుపది రేఖాచిత్రం ఒక్కటి గీయడానికి బోర్డు మీద పావుగంట పడుతుంది, పట్టిక రాయాలి, బిందువులు గుర్తించాలి. ఆ ఒక్కటి మాత్రం పిల్లల చేత చేత్తోనే గీయించు, అది మానకు. ఆ తర్వాత తెర మీదికి రా. 'ముందున్న గుణకాన్ని రుణం చేస్తే ఈ పరావలయం ఎటు తెరుచుకుంటుంది? నోటుబుక్కులో గీయండి' అని ఆగు. అందరూ గీసేదాకా గుణకాన్ని మార్చే స్లైడర్ ముట్టుకోకు. ఇప్పుడు జరుపు. సగం మంది 'అబ్బా' అంటారు, సగం మంది 'నే చెప్పానా' అంటారు. తర్వాత చివరి స్థిరపదాన్ని తగ్గిస్తూ పో. గీత మెల్లగా కిందికి జరుగుతూ అడ్డ అక్షాన్ని రెండుచోట్ల కాస్తా ఒక్కచోట తాకి, తర్వాత అసలు తాకకుండా పోతుంటే, శూన్యాలు రెండు, ఒకటి, ఏమీ లేకపోవడం అంటే ఏమిటో నువ్వు నోరు విప్పకుండానే వాళ్లకు కనిపిస్తుంది. ఇది చాక్‌పీసుతో కుదరదు. చాక్‌పీసుతో కుదిరేదానికి ప్యానెల్ వాడకు కూడా, అనవసరం.

కరెంటు పోతే? పోతుంది. అప్పుడు నల్లబల్ల ఉంది, నీ గొంతు ఉంది.

నేర్చుకోవడానికి డబ్బు పెట్టాల్సిన పని లేదు. 2017 సెప్టెంబర్ 5న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్య నాయుడు గారు ప్రారంభించిన దీక్షా పోర్టల్‌లో టీచర్ల కోర్సులు ఉచితం. టీచర్ల కోసం కేంద్రం పెట్టిన నిష్ఠా శిక్షణలూ అందులోనే నడిచాయి. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల విద్యా సాంకేతిక సంస్థ సీఐఈటీ ఆన్‌లైన్ శిక్షణలు పెడుతూ ఉంటుంది. వీటన్నిటికంటే పనికొచ్చేది చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే మీ స్కూల్ కాంప్లెక్స్ సమావేశం. అక్కడ సర్క్యులర్లు చదవడం అయ్యాక, ప్యానెల్ బాగా వాడే టీచర్ ఎవరో కనుక్కుని వాళ్ల క్లాసులో ఒక పీరియడ్ వెనక బెంచీలో కూర్చో. రెండు మూడేళ్లు పోయాక ఇదే దారి ఇష్టమైతే, దూరవిద్యలో ఎడ్యుకేషనల్ టెక్నాలజీ డిప్లొమాల గురించి అప్పుడు మాట్లాడుకుందాం. ఇప్పుడు తొందరేం లేదు.

ఇక ఆ తొమ్మిదో తరగతి కుర్రాడు. వాడు నిన్ను చిన్నబుచ్చడానికి లేచి రాలేదు తల్లీ. టీచర్ ఇబ్బందిపడుతుంటే చూడలేక వచ్చాడు. నువ్వంటే భయమో విసుగో ఉన్న క్లాసులో ఎవడూ లేవడు, ప్యానెల్ ఆగిపోయిందని లోలోపల సంతోషిస్తారు. రేపు వాడిని పిలిచి, ఆ రోజు ఏం నొక్కావో చూపించరా అని అడుగు. ప్యానెల్ బాధ్యత వాడికీ, వాడితోపాటు ఒక ఆడపిల్లకూ అప్పగించు. ఆడపిల్లని తప్పకుండా చేర్చు, లేకపోతే వైర్లూ రిమోట్లూ మగపిల్లల సొత్తైపోతాయి. వాడు లెక్కల్లో వెనకబడ్డవాడైతే మరీ మంచిది. క్లాసులో వాడికి తెలిసిన విషయమంటూ ఒకటి ఉందని వాడికి మొదటిసారి తెలుస్తుంది, ఆ చనువుతో లెక్క అడగడానికి కూడా వస్తాడు.

అయ్యా, మళ్లీ మీతో. ఈసారి ఆమె ఫోన్ చేసినప్పుడు ప్యానెల్ గురించి అడక్కండి, కోర్సు గురించి అసలే వద్దు. మీరు మొదటిసారి లెడ్జర్ మెషిన్ ముందు కూర్చున్న రోజు ఏం జరిగిందో చెప్పండి. ఇప్పటిదాకా చెప్పి ఉండరని నా అనుమానం. ఆ 5 వేల అడ్వాన్సు వెనక్కి అడగండి. ఇస్తే మంచిదే. 'సీటు రిజర్వు చేశాం, రీఫండ్ లేదు' అంటే మాత్రం, అది నిలబెట్టుకోవడానికి మిగతా 80 వేలు కట్టకండి.