ముందు సింకు ఒక్కటే ఖాళీ చెయ్యి తల్లీ

తల్లీ,

మొన్న ఫోన్లో "ఇంట్లో అడుగుపెట్టగానే ఏడుపొస్తోంది పెద్దమ్మా" అన్నావు. ఆ మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది. రుషికొండలో ఆఫీసు, మధురవాడలో కాపురం, చంకలో బుడ్డోడు. అలసిపోయి తలుపు తీస్తే సోఫా నిండా మడతపెట్టని బట్టలు, సింకులో రాత్రి గిన్నెలు. ఏడుపు రాక ఏమొస్తుంది?

ఇది నీ బద్ధకం కాదు, ముందు అది నమ్ము. 2010లో లాస్ ఏంజెల్స్ పరిశోధకులు ఒక అధ్యయనం వెలువరించారు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ల నుంచి 60 మంది భార్యాభర్తలను తీసుకుని, ఎవరిల్లు వాళ్లే చూపిస్తూ మాట్లాడమన్నారు. "అది సర్దలేదు, ఇది సగంలో ఉండిపోయింది" అంటూ చూపించిన ఆడవాళ్లలో, టెన్షన్ పడితే ఒంట్లో పెరిగే కార్టిసాల్ సాయంత్రానికి తగ్గాల్సినంత తగ్గలేదట. పొద్దు గడిచేకొద్దీ దిగులు కూడా పెరిగిందట. భర్తల్లో ఆ తేడా అంతగా కనిపించలేదు. ఎలా కనిపిస్తుంది? "ఇల్లు చూసి ఇల్లాలిని చూడు" అని నూరిపోసింది మనకే కదా. ఆ సామెతను నేను ఏనాడూ ఒప్పుకోలేదు.

హుద్‌హుద్ తుపాను నీకు గుర్తుండే ఉంటుంది. 2014 అక్టోబర్ 12, ఆదివారం. అప్పుడు మేం పెదవాల్తేరులో మేడ మీద ఉండేవాళ్లం. కిటికీ అద్దాలన్నీ పగిలి, వాననీళ్లు, ఆకులు, ఇసుక మంచాల మీదికి వచ్చేశాయి. కరెంటు లేదు, కుళాయి లేదు, ఫోన్లు లేవు. మర్నాడు నేను గుమ్మంలో కూలబడిపోయాను, ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక. మా అత్తగారు ఒక్క మాట అనలేదు. వంటింట్లో ఓ మూల గాజుముక్కలు ఒక్కొక్కటే ఏరి, పాత చీరముక్కతో నేల ఒత్తి, సరిగ్గా చాప పట్టేంత చోటు శుభ్రం చేశారు. చాప పరిచి "ఇలా వచ్చి కూర్చో" అన్నారు. మిగతా ఇల్లంతా అలాగే ఉంది. అయినా ఆ చాప మీద కూర్చున్నాక నాకు ఊపిరాడింది. మిగతాది బాగుపడేసరికి దీపావళి వచ్చింది.

అందుకే చెప్తున్నాను, ఇల్లంతా తలకెత్తుకోకు. చాపంత చోటు చాలు. పావుగంటలో ముగిసిపోయే పని ఒక్కటి పట్టుకో. నీకైతే సింకు. మనసు బాగోలేనప్పుడు బీరువా, అటక జోలికి వెళ్లకు. అన్నీ కిందకి లాగాక ఓపిక అయిపోతే, ముందున్న దిగులుకి ఇంకో కుప్ప తోడవుతుంది.

గిన్నెలు తోమేటప్పుడు ఫోను పక్కగదిలో పెట్టెయ్. సబ్బు వాసన, నీళ్ల చల్లదనం, జిడ్డు వదిలాక వేలికింద పళ్లెం కిర్రుమనడం, వాటి మీదే ధ్యాస ఉంచు. ఫ్లోరిడాలో ఒక యూనివర్సిటీ వాళ్లు 2015లో 51 మంది విద్యార్థులతో ఇదే చేయించారు. అలా ధ్యాసపెట్టి తోమినవాళ్లలో కంగారు 27 శాతం తగ్గిందట. మా అత్తగారికి ఆ లెక్కలు తెలీవు కానీ, కోపం వస్తే ఇత్తడి చెంబు చింతపండేసి తోముతూ కూర్చునేవారు.

ఇంకో మాట. మన విశాఖలో గచ్చు ఎంత తుడిచినా సాయంత్రానికి కాళ్లకి జిగురు తగులుతుంది. ఉప్పుగాలి తల్లీ. ఉప్పు గాలిలో తేమను పీల్చుకుంటుంది, నీ తుడవడంలో లోపం లేదు. కిటికీ ఊచలు మాత్రం వారానికోసారి మంచినీళ్ల గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డ పెట్టు, తుప్పు నిదానిస్తుంది. త్వరగా అవుతుందని బాత్రూంలో బ్లీచింగ్ పౌడరూ యాసిడూ కలపొద్దు. క్లోరిన్ వాయువు పుడుతుంది, చిన్న బాత్రూంలో ప్రాణం మీదికొస్తుంది.

అల్లుడుగారిని "కాస్త సాయం చెయ్యండి" అని అడగకు. బట్టలు ఉతకడం నుంచి మడతపెట్టి సర్దేదాకా మొత్తం ఆయనకే అప్పజెప్పు. ఆయన మడత నీకు నచ్చకపోయినా మళ్లీ విప్పి పెట్టకు. బుడ్డోడికి ఓ బుట్ట ఇవ్వు, బొమ్మలు వాడే వేస్తాడు.

ఇవన్నీ చేసినా రెండు వారాలకి మించి నిద్ర లేకపోయినా, దేని మీదా మనసు పోకపోయినా అది చీపురుతో పోయే దిగులు కాదు. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన 14416కి ఫోన్ చెయ్యి, డబ్బులేం పడవు, తెలుగులోనే మాట్లాడతారు. చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి వెళ్దామంటే నేను తోడొస్తాను. అక్కడికి వెళ్లడం నామోషీ అనుకునే రోజులు పోవాలి.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వస్తాను. నేను వస్తున్నానని ఇల్లు సర్దకు. సింకు ఒక్కటే ఖాళీగా ఉంచు, కొండచీపురు నేను తెస్తాను. టీ తాగాక కిటికీలు ఇద్దరం కలిసి తుడుద్దాం.

నీ పెద్దమ్మ