ఎప్పుడూ అదే ప్యాకెట్ ఎందుకు కొంటాం? కొర్లగుంట అంగడిలో కూర్చుని నేను చూసింది

ప్రశ్న అడిగిన తమ్ముడు ఎంబీఏ చదువుతున్నట్టుంది. జనాలు ఒక వస్తువుకి ఎట్లా అలవాటు పడతారు, యాడ్స్ చూసా రేటు చూసా, పుస్తకంలో రష్యా సైంటిస్టు పావ్‌లోవ్ కుక్క కథ, అదే తిండికి ముందు వినపడే చప్పుడుకే కుక్కకి నోరూరడం, ఉంది గానీ బయట నిజంగా అట్లా జరుగుతుందా అని అడిగినాడు. జరుగుతుంది, కాకపోతే పుస్తకంలో ఉన్నంత నీట్‌గా జరగదు. మాది తిరుపతి, కొర్లగుంటలో మా నాయనకి చిల్లర అంగడి ఉండేది, ఇంటర్ నుంచి దాదాపు పదకొండేళ్ళు సాయంత్రం గల్లాపెట్టె దగ్గర నేనే కూర్చున్నా, అందుకే నాకు తెలిసింది ఆడ చూసిందే.

ముందు పిల్లోళ్ళ గురించి చెప్పాల. మా వీధిలో ఒక పాప, ఆరేడేళ్ళుంటాయేమో, నోటు గుప్పిట్లో నలిపి పట్టుకుని వచ్చి "అన్నా, అమ్మ టీ పొడి ఇమ్మనింది" అంటుంది. ఏది పాపా అంటే "ఎర్రది". నేను కావాలనే ఇంకో కంపెనీ ఎర్ర ప్యాకెట్ తీసిస్తే అటూ ఇటూ తిప్పి చూసి "ఇది కాదు, ఆకు బొమ్మ ఉండాది గదా, అది" అనేది. దానికి చదవడం కూడా సరిగ్గా రాదప్పుడు. ఆ పాపే పెళ్ళయి పుత్తూరుకి పోయింది, పండక్కి పుట్టింటికి వచ్చినప్పుడు ఆ ఆకు ప్యాకెట్లే నాలుగు తీసుకుంది, ఆడ వేరేవి ఉన్నాయి గానీ "మాకది సెట్ కాదన్నా" అనింది. వాటిని తాగి చూసినావా అంటే లేదు. వాళ్ళమ్మ చిన్నప్పుడు అంగడికి పంపించిందే, అంతే నేర్పించడం. పుస్తకాల్లో దీన్ని కన్స్యూమర్ సోషలైజేషన్ అంటారు.

ఇంక పావ్‌లోవ్. ఆయన అసలు రీసెర్చ్ చేసింది జీర్ణం మీద, 1904లో నోబెల్ వచ్చింది కూడా దానికే. తిండి పెట్టే మనిషి అడుగుల చప్పుడుకే కుక్కలకి నోరూరడం గమనించి ఇటు తిరిగినాడు. మా నాయనకి ఇదే జరిగింది, నవ్వొద్దు. 2016లో యూపీఐ వచ్చింది, తర్వాత కొన్నేళ్ళకి మేమూ డబ్బులు పడితే గట్టిగా చెప్పే డబ్బా పెట్టుకున్నాం, మొదట్లో ఆయన ప్రతిసారీ ఫోన్ తీసి చూసుకునేవాడు, ఆర్నెల్లకి శబ్దం వినపడితే చాలు తలెత్తకుండా సరుకు చేతికిచ్చేసేవాడు. ఒకరోజు మోగింది పక్కన టీ బంకు వాళ్ళ డబ్బా, మాది కాదు. ఈయన రెండు కిలోల కందిబేడలు ఇచ్చి పంపించేసినాడు. ఆ మనిషి పేమెంట్ పోలేదని రాత్రి లెక్క చూసుకుంటే గానీ తెలీలేదు. కొనేవాళ్ళే కాదు, అమ్మేవాళ్ళూ ఇట్లాగే ట్రైన్ అవుతారు.

ఫోన్‌లో డబ్బులు కడితే వచ్చే స్క్రాచ్ కార్డులది ఇంకో రకం. బహుమతి ఒకసారి వస్తుంది, పదిసార్లు రాదు, అట్లా ఎప్పుడొస్తుందో తెలీకుండా వచ్చేదానికి పడిన అలవాటు అంత తొందరగా పోదని స్కిన్నర్ అనే సైకాలజిస్టు పావురాల మీద చూపించినాడు. నేను పది రూపాయల టీకి కూడా జేబులో చిల్లర పెట్టుకుని ఫోన్ తీసేవాణ్ణి, ఇంకేం చెప్పను.

అన్నిటికంటే నాకు బాగా గుర్తుండేది నూనె సంగతి. లీటరు నూనె అంటే దగ్గర దగ్గర 910 గ్రాములు ఉంటుంది. ఒక కంపెనీ, పేరొద్దులే, కవరు సైజు అంతే ఉంచి లోపల 870 గ్రాములు చేసింది, కవరు మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంది, ఎవురూ చదవలేదు, నేనూ చదవలేదు. మా వీధి చివర ఒకావిడ నెలకి ఐదు ప్యాకెట్లు తీసుకుపోయి స్టీలు డబ్బాలో పోసుకుంటుంది, పోస్తే ఎప్పుడూ గొంతు దాకా వచ్చేది ఈసారి రెండు వేళ్ళ వెడల్పు తగ్గింది. ఐదింటికి కలిపి 200 గ్రాములు గదా. డబ్బా ఎత్తుకుని అంగడికే వచ్చేసింది, "ఏం నాయినా, నూనె నువ్వు తాగినావా" అని. తెల్లారి నీళ్ళ కొళాయి దగ్గర అందరికీ తెలిసిపోయింది, డబ్బా లేనోళ్ళు, కొలిచి చూడనోళ్ళు కూడా మానేసినారు, మాకు రెండు కేసులు మిగిలిపోయినాయి. పదేళ్ళు వాడిన నమ్మకం ఒక్క డబ్బాతో పోయింది, అదీ వేరేవాళ్ళ ఇంటి డబ్బాతో. బండూరా అనే సైకాలజిస్టు 1961లో బొమ్మని కొట్టే పెద్దోళ్ళని పిల్లలకి చూపించి చేసిన ప్రయోగం మీ సిలబస్‌లో ఉంటుంది చూడు, పక్కనోళ్ళని చూసి నేర్చుకోవడం అంటే ఇదే.

కొత్తది అలవాటు చేయించాలంటే మాత్రం మొదటిసారి భయం తీసెయ్యాల. చిక్ షాంపూ వాళ్ళు, తమిళనాడు కడలూరులో 1983లో మొదలుపెట్టినోళ్ళు, ఏ షాంపూవైనా సరే ఖాళీ సాచెట్లు ఐదు తెస్తే తమది ఒకటి ఊరికే ఇచ్చినారు, తర్వాత కొన్నాళ్ళకి తమ ఖాళీ సాచెట్లు తెస్తేనే అన్నారు. మొదటిది రుచి చూపించడం, రెండోది అలవాటు చేయించడం. తెలివంటే అది, లక్షల యాడ్స్ కంటే మేలు.

ఎన్నాళ్ళు పడుతుంది అని కూడా అడిగినావు. 21 రోజులు అని వాట్సాప్‌లో తిరిగేది నమ్మొద్దు. లండన్‌లో తిండి, నీళ్ళు, వ్యాయామం అలవాట్ల మీద చేసిన ఒక స్టడీ 2010లో అచ్చయింది, అందులో సగటున 66 రోజులు తేలింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. కొనే అలవాట్ల మీద చేసింది కాదది, కానీ మా నాయన లెక్క దానికి దగ్గర్లోనే ఉండేది, ఒక ఇంటోళ్ళు మూడు నెలలు వరసగా అదే తీసుకుంటే నాలుగో నెల అడక్కుండానే చీటీలో రాసేసుకునేవాడు.

నమ్మకం చెడకపోయినా అలవాటు పోయేది సరుకు దొరక్కపోతేనో, ఇల్లు మారితేనో. 2020 లాక్‌డౌన్‌లో స్టాకు రాక ఏది ఉంటే అది తీసుకుపోయినారు, మా అమ్మ ఇరవై ఏళ్ళ సబ్బు అప్పుడే మారింది, పాతది మళ్ళీ వచ్చినా తిరిగి చూడలేదు. అంతకుముందు రెండు రూపాయలు తగ్గించి వేరేది ఇస్తానంటే కసిరేది.

ప్రాజెక్టు కోసమైతే ఫారాలు పంచకు తమ్ముడూ, జనాలు మంచిగా కనపడే జవాబులు రాస్తారు. ఏదైనా చిల్లర అంగడాయన్ని అడిగి సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఒక మూల కూర్చో. ఎవరు పేరు చెప్పి అడుగుతున్నారు, ఎవరు రంగు చెప్తున్నారు, ఎవరు "మామూలుదే" అంటున్నారు రాసుకో. ఆ మామూలుదే అనేవాళ్ళని ఆపి ఎప్పటి నుంచి వాడుతున్నారని అడుగు, చాలామంది కాసేపు ఆలోచించి నీ మొహం చూస్తారు.