ఉపవాస ప్రార్థనలు చేస్తున్నా మనసుకు విశ్రాంతి ఎందుకు దొరకడం లేదు?

ఒడిశాలోని గుణుపురంలో తెలుగు ఆరాధనకు వెళ్తున్నానని, ఉపవాసాలు ఉంటున్నా అప్పుల దిగులుతో నిద్ర పట్టడం లేదని, తన విశ్వాసంలోనే లోపముందేమోనని ఒక అక్క అడిగారు. లేదక్కా. ముందు ఆ నింద దించేయండి.

మత్తయి 11:28లో యేసు పిలిచింది ప్రయాసపడి భారం మోస్తున్నవాళ్లనే. విశ్వాసం బలపడ్డాక రమ్మనలేదు. ఆనాటి మతబోధకులైన శాస్త్రులు, పరిసయ్యులు మోయలేని బరువులు కట్టి జనం భుజాల మీద పెడుతున్నారని అదే సువార్త 23వ అధ్యాయంలో ఆయనే అన్నాడు. ఇన్ని ఉపవాసాలుంటేనే దేవుడు వింటాడనుకుంటే మనమూ ఆ బరువే ఎత్తుకున్నట్టు. క్రీస్తు ఇచ్చే విశ్రాంతి మన కష్టానికి దక్కే కూలి కాదు. సిలువ మీద ఆయన ముగించిన పని మీద ఆనుకోవడం. రాత్రికి రాత్రి అప్పు తీరుతుందన్న మాట అందులో లేదు. అలా హామీ ఇచ్చేవాళ్లను నేను నమ్మను.

ఏలీయా ప్రవక్త సంగతి చూడండి, 1 రాజులు 19. ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని చెట్టు కింద పడుకుంటే దేవదూత గద్దించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, లేపి ఇంకోసారి తినమన్నాడు. హోరేబు కొండ దగ్గర దేవుడు మాట్లాడింది ఆ తర్వాతే.

రాత్రిపూట ప్రార్థనకు మాటలు రాకపోతే 62వ కీర్తన మెల్లగా చదువుకుని పడుకోండి. అప్పు సంగతి పాస్టరమ్మగారికో, నమ్మకమైన సంఘస్థులకో విప్పి చెప్పండి. ఒకరి భారం ఒకరు మోయమని గలతీ 6:2 చెబుతుంది. నిద్రలేమి వారాల తరబడి ఉంటే డాక్టరుకు చూపించుకోండి, అది అవిశ్వాసం కాదు. నీరసంగా ఉంటే ఉపవాసం కొన్నాళ్లు ఆపండి.