ఊడ్నదత్తా ట్రాక్‌లో వెనక అద్దం పగిలితే

ఆస్ట్రేలియాలోని ఊడ్నదత్తా ట్రాక్ అనే కంకర రోడ్డు మీద ట్రైలర్ లాగుతుంటే బండి వెనక కిటికీ అద్దం ముక్కలైపోయిందని, రాయి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియలేదని రాశారు. మీ టైర్ల నుంచేనండి! అవి లేపిన కంకర ట్రైలర్ ముందు భాగానికి తగిలి, వెనక్కి ఎగిరి అద్దాన్ని కొడుతుంది. ఆ రోడ్డు మొదలయ్యే మారీ ఊరు దాటాక నాకూ అదే జరిగింది. పక్కనుంచి పోయిన బండిని అనవసరంగా తిట్టుకున్నాను.

ఆ ట్రాక్ మారీ నుంచి అవతలి కొసనున్న మార్లా దాకా సుమారు 620 కిలోమీటర్లు. మధ్యలో మీ బండి అద్దం దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. పోర్ట్ ఆగస్టా, ఆలిస్ స్ప్రింగ్స్ లాంటి పెద్ద ఊరికి చేరేదాకా తాత్కాలిక ఏర్పాటే. గ్లౌజులు వేసుకుని ముక్కలు దులిపేయండి. అంచుల్లో దుమ్ము తడిగుడ్డతో తుడిచి, ఆరాకే టేపు వేయండి, లేకపోతే పది నిమిషాల్లో ఊడొస్తుంది. గట్టి ప్లాస్టిక్ షీటు ఒకటి బండిలో ఉంటే చాలు. అట్టముక్క అయినా పర్లేదు, వాన రానంతవరకు.

సందులు మాత్రం వదలకండి. వెనక కన్నం ఉంటే దుమ్ముతోపాటు సైలెన్సర్ పొగ కూడా లోపలికి లాగేస్తుంది, అది ప్రమాదం. మిగతా కిటికీలు మూసి, బయటి గాలి వచ్చేలా బ్లోయర్ ఫుల్లుగా పెట్టండి. లోపలి ఒత్తిడి దుమ్మును చాలావరకు ఆపుతుంది.

ఈసారి వెళ్లేముందు ట్రైలర్‌కు స్టోన్ గార్డ్ (రాళ్లను ఆపే అడ్డు) కట్టించండి. ముందు అద్దానికి చిన్న దెబ్బ తగిలితే వెంటనే పారదర్శక టేపు అంటించండి, మట్టి చేరితే తర్వాత రిపేరుకు నింపే రెజిన్ (జిగురు లాంటిది) సరిగా పట్టదు.