40 అడుగుల తోట గోడకి 300 బ్లాకులా? నా లెక్క ఇదీ

అన్నా, ఘట్‌కేసర్ ప్లాట్‌లో 40 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు తోట గోడకి మేస్త్రీ 300 సిమెంట్ బ్లాకులు చెప్పాడన్నారు కదా, అది చాలా ఎక్కువ. మీరు తీసుకునేది 16 బై 8 బై 6 అంగుళాల సాలిడ్ బ్లాకే అయితే మాలు మందంతో కలిపి ఒకటి దాదాపు 16.4 అంగుళాలు పడుతుంది, అంటే ఒక వరసకి 30, ఆరు వరసలు వేస్తే 4 అడుగుల 2 అంగుళాలు వస్తుంది, మొత్తం 180, పగిలేవాటికి ఇంకో 10 కలుపుకుని 190 తెప్పించండి చాలు. 3 అడుగుల గేటు ఉంటే ఇంకో 12, 13 తగ్గుతాయి.

కట్టుబడికి 1:6 మాలు (ఒక పాలు సిమెంట్, ఆరు పాళ్లు ఇసుక), 2 బస్తాల సిమెంట్ సరిపోతుంది. రెండు వైపులా అరంగుళం ప్లాస్టరింగ్ 1:4 అయితే 4 బస్తాలు. ఇసుక రెండింటికీ కలిపి 30 సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు), ప్లాస్టరింగ్‌ది మాత్రం సన్నగా జల్లించిందే వాడండి.

అసలు నాకు భయం బ్లాకుల గురించి కాదు, పునాది గురించి. అక్కడ నల్లరేగడి ఉంటే మొరం తగిలేదాకా తవ్వించాల్సిందే, వానల్లో ఉబ్బి ఎండల్లో కుంగుతుంది, గోడ నిలువునా చీలుతుంది. 6 అంగుళాల గోడ ఒంటరిగా నిలబడదు, ప్రతి 10 అడుగులకి పిల్లర్ వేయించండి, దాని స్టీలు, కంకర, పునాది సిమెంట్ పై లెక్కలో లేవు. తోట వైపు మట్టి ఎత్తుగా ఉంటే నీళ్లు పోవడానికి కింద పైపు ముక్కలు పెట్టించండి, కట్టిన గోడని వారం రోజులు తడపడం మర్చిపోవద్దు. మట్టి ఫొటో పెట్టండి, పునాది లెక్క కూడా వేసిస్తా.