లాయరును పెట్టుకోవడమా, పెట్టడమా?

సందేహం: అమెరికాలో ప్రొబేషన్ (దోషిని జైల్లో పెట్టకుండా షరతుల మీద బయట ఉంచడం) రద్దు విచారణల గురించి రాస్తూ "ఈ విచారణల్లో లాయరును పెట్టుకునే హక్కు అందరికీ ఉండదని 1973లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది" అన్నాను. వాక్యం తప్పని మిత్రుడంటున్నాడు. వ్యాకరణం సరిగానే ఉంది కదా?

సమాధానం: వ్యాకరణానికి వంక పెట్టలేం. చిక్కంతా 'పెట్టుకునే'లో దాగిన 'కొను'తో వచ్చింది. "అబ్బాయి ట్యూషన్ పెట్టుకున్నాడు" అంటే ఏర్పాటూ అతనిదే, ఫీజూ అతనిదే. "అబ్బాయికి ట్యూషన్ పెట్టారు" అంటే ఆ భారం ఇంకెవరిదో. లాయరు సంగతీ అంతే.

మీరు చెబుతున్నది గాగ్నన్ వర్సెస్ స్కార్పెల్లి కేసు. విస్కాన్సిన్‌లో సాయుధ దోపిడీకి స్కార్పెల్లికి 15 ఏళ్ల శిక్ష వేసి, దాన్ని నిలిపి ఉంచి, ఏడేళ్ల ప్రొబేషన్ మీద వదిలారు. ఇల్లినాయ్‌లో దొంగతనం కేసులో దొరకగానే విచారణ అన్నదే లేకుండా ప్రొబేషన్ తీసేసి లోపల వేశారు. విచారణ జరిపి తీరాలని కోర్టు తేల్చింది. ఫీజు కట్టుకోలేనివాడికి ప్రభుత్వం లాయరును పెట్టాలా అన్నదాన్ని మాత్రం ఏ కేసుకా కేసు చూడాలంది. సొంత డబ్బుతో పెట్టుకునే సంగతి ఇప్పుడు తేల్చనక్కర్లేదని తీర్పు అడుగున ఓ నోట్‌లో వదిలేసింది. కోర్టు ముట్టుకోనన్న విషయాన్నే మీ వాక్యం కోర్టు నోట పలికించింది!

'ప్రభుత్వం చేత లాయరును పెట్టించుకునే హక్కు' అంటే అర్థం అతికినట్టు కుదురుతుంది. కాస్త బరువైన మాటే, కానీ ఎవరు ఎవరికి బాకీయో అందులో తెలిసిపోతుంది.

ఇంకో జాగ్రత్త 'వచ్చు'తో. "షరతు నేను తప్పలేదు" అని వాదించేవాడు లాయరును అడిగితే "ఇవ్వవచ్చు" అని రాస్తే, అదేదో జడ్జిగారి దయలా ధ్వనిస్తుంది. తప్పినా అందుకు గట్టి కారణం ఉండి, దాన్ని విప్పి చెప్పుకోవడం కష్టమైన సందర్భమూ అలాంటిదే. తీర్పు ప్రకారం అక్కడ "మామూలుగా ఇవ్వాలి". కాదంటే ఎందుకో రికార్డులో రాయాలి. శిక్ష ఎంతో ముందు చెప్పకుండా, ప్రొబేషన్ రద్దు చేసే రోజే ఖరారు చేస్తే లాయరు ఉండి తీరాల్సిందేనని 1967లోనే మెంపా కేసులో తేలింది.

మీరు అడగలేదు గానీ, 'రద్దు' గురించీ ఒక మాట. పరీక్ష రద్దు, పన్ను రద్దు విని అలవాటైన చెవికి ప్రొబేషన్ రద్దు కూడా శుభవార్తలా వినిపిస్తుంది. పైగా మనకు ప్రొబేషన్ అంటే కొత్త ఉద్యోగమే గుర్తొస్తుంది. మొదటిసారి వాడినచోట "రద్దయితే జైలుకే" అని చేర్చండి, టెన్షన్ ఉండదు.

వాక్యాన్ని ఇలా మార్చుకోండి: "ఈ విచారణల్లో ప్రభుత్వం చేత లాయరును పెట్టించుకునే హక్కు, రాజ్యాంగం ప్రకారం, ప్రతి కేసులోనూ ఉండదు." 'రాజ్యాంగం ప్రకారం' అన్నది మాత్రం తీసేయకండి. ఫెడరల్ కోర్టుల్లోనూ చాలా రాష్ట్రాల్లోనూ చట్టమే లాయరును ఇస్తోంది.