21 శాతం, ఎంతలో?

చిరంజీవికి,

రక్తం గ్రూపులకూ షుగర్ జబ్బుకూ ముడిపెట్టిన నీ వ్యాసం అందింది. మొదటిసారి చదివినప్పుడు మూడో పేజీలోనే ఆగిపోయాను. "బి గ్రూపు వాళ్ల ఎర్రకణాల మీదే చక్కెర ఉంటుంది, అందుకే వాళ్లకు షుగర్ తప్పదు" అని రాశావు చూడు, అక్కడ. నాకు నిజంగా కోపం వచ్చింది.

ఆ చక్కెర వేరు, ఈ షుగర్ వేరు. బి గ్రూపు కణం పైన ఉండే గొలుసు చివర గెలాక్టోజ్ ఉంటుంది, నిజమే. ఎ గ్రూపులో ఆ చోట ఇంకో రకం చక్కెర ఉంటుంది. ఓ గ్రూపులో ఆ చివరిది ఉండదంతే, కింది గొలుసు అందరికీ చక్కెరలదే. 1901లో కార్ల్ లాండ్‌స్టైనర్ అనే శాస్త్రవేత్త వేరుచేసి చూపిన గ్రూపుల తేడా ఇక్కడే ఉంది. జబ్బులో పెరిగేది గ్లూకోజ్. ఇన్సులిన్ చాలకో, ఉన్నది సరిగా పనిచేయకో అది రక్తంలో నిలిచిపోతుంది. మాట కలిసిందని రెంటినీ ముడిపెట్టేశావు.

ఇక ఆ ఫ్రాన్స్ అధ్యయనం, ఇ3ఎన్. 82,104 మంది ఆడవాళ్లను 1990 నుంచి 2008 దాకా గమనిస్తే 3,553 మందికి టైప్ 2 షుగర్ జబ్బు వచ్చింది. ఓ గ్రూపుతో పోలిస్తే ఎ వాళ్లలో ముప్పు 10 శాతం, బి వాళ్లలో 21 శాతం ఎక్కువ కనిపించింది. నువ్వు ఆ 21 ఒక్కటే ఏరుకున్నావు. ఎంతలో 21? మొత్తం మీద వెయ్యి మందిలో సుమారు 43 మందికి వచ్చింది, అదీ ఇన్నేళ్లలో. ఒక గ్రూపులో వెయ్యికి 40 మందికి వస్తుందనుకో, 21 శాతం ఎక్కువంటే ఇంకో గ్రూపులో 48 మందికి. ఆ ఎనిమిది మందిని తీసిపారేయమనను. కానీ మిగతా 952 మందికి "తప్పదు" అని ఏ మొహం పెట్టుకుని చెబుతావు?

శాతం రాసిన ప్రతిచోటా "ఎంతలో" అన్నది రాసి తీరాలి. దీని మీద ఎందరు సంపాదకులతో గొడవపడ్డానో. పాఠకుడికి లెక్కలు పడవంటారు. "రావచ్చు" కొట్టేసి "వస్తుంది" అని దిద్దుతారు.

ఈ అధ్యయనం వెలువడిన కొత్తలో నేనూ దీని మీద రాశాను. బరువు, వయసు, ఇంట్లో ఎవరికైనా ఉందా లేదా అన్నవే పెద్ద లెక్క అనీ, గ్రూపు ఏదైనా పరీక్ష మానొద్దనీ చివరి పేరాలో చెప్పాను. చోటు లేదని ఆ పేరానే కోసేశారు. పైన "ఓ గ్రూపా? నిశ్చింతగా ఉండండి" అని శీర్షిక పెట్టారు. నెల తిరక్కుండా ఒక పెద్దాయన కార్డు రాశారు. నీలం సిరా, వణికిన అక్షరాలు. తనది ఓ పాజిటివ్ అనీ, నా వ్యాసం చదివి ధైర్యం వచ్చి ఈ ఏడు పరీక్ష మానేశాననీ, అందుకు కృతజ్ఞతలనీ. ఆ రాత్రే జవాబు రాశాను. పరగడుపున షుగర్ 126 దాటిందా అని చూసే డాక్టర్ మీ గ్రూపు అడగడండీ, దయచేసి వెళ్లండి అని. ఆయన నుంచి మళ్లీ ఉత్తరం రాలేదు. ఆ కార్డు ఇప్పటికీ నా సొరుగులో ఉంది. ఆ పత్రికకు మాత్రం మళ్లీ ఏమీ పంపలేదు, చేతిలో డబ్బాడని రోజుల్లో కూడా.

మొత్తం తిరగరాయి. కారణం దొరికిపోయినట్టు రాయకు. అధ్యయనం చూపింది సంబంధాన్ని, అదీ ఆడవాళ్లలో.

ఐదో పేజీలో మీ అమ్మ గురించి రాసింది మాత్రం రెండోసారి చదివినప్పుడు చాలాసేపు వదల్లేదు. సూదికి వేలు అందించే ముందు, నిన్న గుచ్చిన చోటు తప్పించడానికి బొటనవేలితో ఆ చివర తడుముకుంటుందని రాశావే, అది. వ్యాసం అక్కడే మొదలుపెట్టు. అందులో ఒక్క మాట కూడా మార్చకు. నువ్వు అడిగిన కలం పేరు సంగతి తర్వాత చూద్దాం.